ఎండకు నడిరోడ్డు మీద కూలబడ్డ లాబ్రడార్, ముగ్గురు మూడు సలహాలు. ఎవరి మాట వినాలి?

జిమ్మీ_ఇల్లు
మా జిమ్మీ లాబ్రడార్. నాలుగేళ్లు, 36 కిలోలు. అవును, లావే. దాని మీద క్లాసు తర్వాత పీకుదురుగాని.

ఇవాళ నాకు మెలకువ రాక వాకింగుకి తొమ్మిదింటికి బయల్దేరాం. పోయేటప్పుడు బాగానే నడిచాడు. వచ్చేటప్పుడు కరెంటు స్తంభం దగ్గర ఆగాడు. దాని నీడ జానెడు వెడల్పు ఉంటుందేమో, సరిగ్గా ఆ జానెడులో పొట్ట ఆనించి కూలబడ్డాడు. బెల్టు లాగినా లేవడు, బిస్కెట్ చూపించినా లేవడు. బిస్కెట్‌కి లేవలేదంటేనే నాకు భయం పట్టుకుంది. నాలుక పక్కకి వేలాడి చివర గరిటెలా వెడల్పైపోయింది, చొంగ తీగలుగా సాగుతోంది.

ఆ పావుగంటలో ముగ్గురు ఆగారు. ఒకాయన గుండు కొట్టించమన్నాడు. ఒకావిడ ఐసు నీళ్లు తాగించమంది. ఇంకొకాయనేమో చల్లనీళ్లు ఒంటికి తగిలితే గుండె ఆగిపోతుంది జాగ్రత్త అన్నాడు. ఎలాగో ఇంటికొచ్చి పడ్డాం. ఇప్పుడు బాత్రూం టైల్స్ మీద నాలుగు కాళ్లు చాపి గురక పెడుతున్నాడు. నాకే టెన్షన్ తగ్గలేదు. మా ఇంట్లో ఏసీ లేదు. ఎవరి మాట వినాలో చెప్పండి.

తెల్లారుజాము_బ్యాచ్
రోళ్లు పగిలే ఎండల్లో తొమ్మిదింటికి వాకింగా! మేం ఐదింటికల్లా ఇంటికి తిరిగొచ్చేస్తాం.

జిమ్మీ_ఇల్లు
ఐదింటికి లేచేవాళ్లు కుక్కని పెంచక్కర్లేదు, కోడిని పెంచుకోవచ్చు.

నల్లతోక
తారు మీద చెయ్యి పెట్టి చూశారా? అరచేతి వెనక భాగం ఆనించి ఏడు సెకన్లు ఉంచాలి. ఉంచలేకపోతే వాడి పాదాలూ ఉంచలేవు. గాలి 30, 32 డిగ్రీలే ఉన్నా, సూటిగా ఎండ పడే తారు 55 దాటిపోతుంది.

ఇంకోటి. మన తల ఆ రోడ్డుకి ఐదడుగుల పైన ఉంటుంది. వాడి పొట్ట రోడ్డుకి బాగా దగ్గరగా ఉంటుంది. రోడ్డు నుంచి లేచే సెగంతా వాడికే. మీరు నడిచిన రోడ్డూ వాడు నడిచిన రోడ్డూ ఒకటి కాదు.

జిమ్మీ_ఇల్లు
నిజమే. నా కాళ్లకి చెప్పులున్నాయి, నాకేం తెలియలేదు.

నల్లతోక
చెప్పులిప్పి నాలుగడుగులు వేయండి చాలు, వాకింగ్ టైము మీ అరికాళ్లే చెబుతాయి. సాయంత్రం సూర్యుడు దిగాడు కదా అని వెంటనే బయల్దేరకండి. తారూ సిమెంటూ పగలంతా తాగిన వేడిని చీకటి పడ్డాక కూడా కక్కుతూనే ఉంటాయి. మట్టిదారి, గడ్డి దొరికితే అటే నడిపించండి. పాదాల కింద మెత్త కందిందేమో, పొర లేచిందేమో ఇప్పుడే చూడండి.

జిమ్మీ_ఇల్లు
చూశా. వెనక కాలు ఒకటి కొంచెం ఎర్రగా ఉంది, పొక్కులేం లేవు.

పగ్గు_పంచాయతీ
ఆ కూలబడ్డం మీ అదృష్టం అనుకోండి. మా పగ్గు అయితే కూలబడే దాకా కూడా రాదు. వీధి చివరికెళ్లేసరికే గుర్రుగుర్రుమంటుంది. మొదటి ఏడాది అది ముద్దుగా ఉందని వీడియోలు తీసి చుట్టాలందరికీ పంపాను. టీకాకి వెళ్లినప్పుడు డాక్టరుకి కూడా చూపించాను. ఆయన నవ్వలేదు. "ఇది గురక కాదమ్మా, ఊపిరి చాలక చేసే చప్పుడు" అన్నారు. ఆ వీడియోలన్నీ తీసేశాను.

చప్పిడిముక్కు కుక్కలు ఏవైనా అంతే: పగ్గు, బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, షిట్జూ, బాక్సర్. కుక్క ఒళ్లు చల్లబడేదే రొప్పడం వల్ల. రొప్పడానికి కావాల్సిన ముక్కూ గొంతూ ఇరుకైతే ఇంకేం చేస్తుంది పాపం.

హస్కీ_బాధితుడు
గుండు కొట్టించమన్న ఆయన మాట మాత్రం దయచేసి వినకండి. నేను విన్నాను.

మా హస్కీకి రెండేళ్ల కిందట వేసవి మొదట్లో మిషన్ పెట్టించి నున్నగా తీయించేశాం. చల్లగా ఉంటుందని మా ఉద్దేశం. పది రోజులకి వీపు మీద చర్మం ఎర్రగా కమిలింది. తర్వాత జుట్టు వచ్చింది గాని, నడుము దగ్గర ఏడాది దాకా రాలేదు, వచ్చింది కూడా వేరే రంగులో గడ్డిపరకల్లా వచ్చింది. రెండు పొరల జుట్టున్న జాతులకి పైన గరుకు వెంట్రుకలుంటాయి, కింద దూదిలాంటి నూగు ఉంటుంది. ఎండని ఒంటికి తగలనివ్వకుండా ఆపేది ఆ పైపొరే. గుండు కొడితే గొడుగు తీసి పారేసినట్టు. తీయాల్సింది కింద ఊడిపోయి ఇరుక్కున్న నూగు. దువ్వండి, రోజూ దువ్వండి. మావాడి ఒంటి మీద వారానికొకసారి ఇంకో చిన్న కుక్క తయారయ్యేంత నూగు వస్తుంది.

షిట్జూ_రాణి
అందరికీ అదే మాట వర్తించదండీ. మా దానికి ప్రతి వేసవికీ పొట్టిగా కత్తిరిస్తాం, హాయిగా ఉంటుంది. కత్తిరించకపోతే అట్టలు కట్టి కింద చెమ్మ పట్టి వాసన కొడుతుంది.

హస్కీ_బాధితుడు
షిట్జూ, పూడిల్ జుట్టు మన జుట్టులా పెరుగుతూనే ఉంటుంది కదా, పొట్టి చేయించండి, తప్పులేదు. తోలు కనిపించే దాకా మాత్రం వద్దు. హస్కీ, జర్మన్ షెపర్డ్, పొమరేనియన్, గోల్డెన్, లాబ్రడార్, వీటి సంగతి వేరు.

బుజ్జి_వాళ్లక్క
గ్రూమింగ్ మాట వచ్చింది కాబట్టి. స్నానం అయ్యాక కుక్కని పెట్టెలో పెట్టి వేడిగాలి వదిలే డ్రయ్యర్లుంటాయి కొన్ని చోట్ల. మా బుజ్జిని ఒకచోట అందులో పెట్టి ఫోను మాట్లాడుకుంటూ బయటికెళ్లిపోయారు. నేను అద్దంలోంచి చూసేసరికి మూతి తలుపు సందుకి ఆనించి రొప్పుతోంది. అప్పటి నుంచి ఒకటే షరతు: టవల్‌తో తుడిచి ఇచ్చేయండి, తడిగా ఉన్నా పర్లేదు, ఇంటికెళ్లి ఆరబెట్టుకుంటాం.

గడప_దగ్గరే
మా ఇంట్లో ఇరవై నాలుగు గంటలూ ఫ్యాను కుక్క మీదే. అయినా రొప్పు తగ్గదేంటి?

డాక్టరమ్మ_డ్యూటీలో
వెటర్నరీ డాక్టరుని. ఇవాళ ఓపీలో ఇలాంటివి రెండు చూసొచ్చా, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

ఫ్యాను ప్రశ్నకి ముందు. ఫ్యాను మనల్ని చల్లబరిచేది చెమట ఆరడం వల్ల. కుక్కకి చెమట పట్టేది పాదాల కింద, అదీ నామమాత్రం. పొడి ఒంటి మీద ఫ్యాను తిరిగితే వేడిగాలి తిరగడమే. అదే పొట్ట, చంకలు, తొడల మధ్య తడిపి ఫ్యాను వేసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. అలాగే ఉక్కపోత రోజుల్లో ఇంకా భయపడాలి. రొప్పినప్పుడు నాలుక మీది తడి ఆవిరై పోతేనే చల్లదనం. గాల్లోనే తేమ నిండిపోతే ఆ తడి ఎక్కడికి పోతుంది? 32 డిగ్రీల ఉక్క, 38 డిగ్రీల పొడి ఎండకన్నా చేటు చేసిన కేసులు నేను చూశాను.

జిమ్మీ సంగతి. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ ఉంటుంది. మన లెక్కలో జ్వరం, వాడి లెక్కలో ఆరోగ్యం. 104 దాటితే వడదెబ్బ అనే అనుకోవాలి. 106 దగ్గరికి వెళ్తే కిడ్నీలు, పేగులు, మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. నాలుక గరిటెలా వెడల్పవడం, చొంగ చిక్కబడి సాగడం, తిండి చూపించినా లేవకపోవడం, ఇవి మొదటి హెచ్చరికలు. చిగుళ్లు మరీ ఎర్రబడటం, తూలడం, వాంతి, రక్త విరేచనం, ఫిట్స్ దాకా వస్తే నిమిషాల లెక్కే. మీవాడు తనంతట తానే ఆగాడు, మీరు లాక్కుపోలేదు. అదే కాపాడింది.

ఇంకా రొప్పుతున్నాడా? మూత్రం పోశాడా, ఏ రంగులో ఉంది?

జిమ్మీ_ఇల్లు
రొప్పడం తగ్గిపోయింది. ఇందాకే పోశాడు, కాస్త ముదురు పసుపు. నీళ్లు రెండు గిన్నెలు తాగాడు.

డాక్టరమ్మ_డ్యూటీలో
మంచిదే. అయినా సాయంత్రం ఒకసారి దగ్గర్లో చూపించేయండి. గట్టి వడదెబ్బ తగిలితే పైకి తేరుకున్నట్టు కనిపించినా కిడ్నీ గొడవలు, రక్తం గడ్డకట్టని గొడవలు ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడతాయి. మూత్రం కాఫీ రంగులోకి మారితే సాయంత్రం దాకా ఆగొద్దు.

సొంతవైద్యం_99
మా దగ్గర పారాసెటమాల్ సిరప్పు ఉంది. ఒంటి వేడి 104 అంటే అర చెంచా వేస్తే దిగదా?

డాక్టరమ్మ_డ్యూటీలో
వద్దు. వద్దు. వద్దు. జ్వరంలో మెదడే వేడి పెంచమని చెబుతుంది, మాత్ర ఆ మాటని ఆపుతుంది. వడదెబ్బలో మెదడు ఏం చెప్పలేదు, బయటి వేడి ఒంట్లో చిక్కుకుపోయింది, అంతే. మాత్రకి అక్కడ పని లేదు. పైగా పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ మన మోతాదులో కుక్కలకి విషం. పిల్లికైతే పారాసెటమాల్ ఒక్క మాత్రే ప్రాణం తీయొచ్చు.

సొంతవైద్యం_99
అర్థమైంది డాక్టరుగారూ, సిరప్పు లోపల పెట్టేశా.

పాతకాలపు_పెంపకం
నాది ఇరవై ఏళ్ల అనుభవం, నాలుగు కుక్కలు. ఐసు నీళ్లు ఒంటి మీద పోయకూడదు. పోస్తే పైన రక్తనాళాలు ముడుచుకుపోయి వేడి లోపలే బిగుసుకుపోతుంది. అప్పట్లో మాకు డాక్టర్లే చెప్పారు. ఇప్పుడు రోజుకో మాట.

డాక్టరమ్మ_డ్యూటీలో
పెద్దవారు, మీరన్నది అబద్ధం కాదండీ. మాకు కాలేజీలో చెప్పిందీ అదే. కానీ నాళాలు ముడుచుకోవడం వల్ల జరిగే నష్టంకన్నా, ఒంటి వేడి ఇంకో పది నిమిషాలు అలాగే ఉండిపోవడం వల్ల జరిగే నష్టం చాలా పెద్దదని ఇప్పుడు ఒప్పుకుంటున్నారు. ఎండలో పరుగెత్తి కుప్పకూలిన సైనికులనీ అథ్లెట్లనీ చల్లనీళ్ల తొట్టిలోనే దించుతారు.

వయసులో ఉన్న ఆరోగ్యమైన కుక్కైతే చల్లటి నీళ్ల తొట్టిలో మెడ దాకా దించవచ్చు, తల మాత్రం పైకి పట్టుకోవాలి. ముసలిది, గుండె జబ్బున్నది, చప్పిడిముక్కుది అయితే మామూలు నీళ్లు ఒళ్లంతా పోస్తూ గాలి తగిలేలా ఫ్యాను పెట్టాలి. నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయన్నది రెండో ప్రశ్న. ఒంటికన్నా చల్లగా ఉంటే చాలు, చేతికి ఏవి దొరికితే అవి పోయండి. థర్మామీటర్ 103 చూపించగానే ఆపేయాలి, లేకపోతే దాని తర్వాత వేడి మరీ కిందికి జారిపోతుంది. స్పృహ లేని కుక్క నోట్లో మాత్రం నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

బ్రిటన్‌లో రాయల్ వెటర్నరీ కాలేజీ వాళ్లు 2016 నుంచి 2018 దాకా వడదెబ్బ కేసుల కాగితాలు తిరగేశారు. ఆసుపత్రికి తెచ్చేలోపు చల్లబరిచి తెచ్చిన కుక్కలు ఐదింట ఒకటే. మిగతావన్నీ ఉడుకుతున్న ఒంటితోనే వాహనాల్లో వచ్చాయి. కాబట్టి ముందు నీళ్లు, తర్వాత ప్రయాణం. కారెక్కించాక కూడా ఒళ్లు తడిగానే ఉంచి కిటికీలు తీసో, ఏసీ వేసో తీసుకురండి.

పాతకాలపు_పెంపకం
సరేనమ్మా. మరి తడి టవల్ కప్పడం?

డాక్టరమ్మ_డ్యూటీలో
అది కూడా అందరూ చేసేదే. కప్పి వదిలేస్తే రెండు నిమిషాల్లో టవల్ ఒంటి వేడికి కాగి తడి దుప్పటైపోతుంది. కింద పరవండి, పైన వద్దు. వేరే దారే లేక కప్పితే నిమిషానికోసారి తీసి నీళ్లలో ముంచి మార్చాలి.

బంతి_ఆపేశాం
ఇది రాయాలా వద్దా అని రెండు రోజులుగా ఈ చర్చ చదువుతూనే ఉన్నాను.

మాది బోర్డర్ కోలీ, మూడేళ్లు. పోయిన వేసవి. సాయంత్రం ఐదున్నర, మబ్బు కూడా పట్టింది, ఎండ లేదు. మైదానంలో బంతి వేస్తున్నాను. వేస్తున్నాను, తెస్తున్నాడు. వేస్తున్నాను, తెస్తున్నాడు. చివర్లో బంతి నా కాళ్ల దగ్గర పెట్టలేదు, రెండడుగుల అవతల వదిలేశాడు. నేను దానికి తిట్టాను కూడా, సరిగ్గా తేవడం మర్చిపోయావా అని. ఇంకోసారి విసిరాను. వెళ్లాడు. బంతి దగ్గరికి వెళ్లి దాన్ని తీసుకోకుండా దాని చుట్టూ తిరిగాడు, తాగినవాడిలా. తర్వాత పడిపోయాడు.

నాకు వడదెబ్బ అన్న ఆలోచనే రాలేదు. ఎండ లేదు కదా. ఎత్తుకుని కారులో వేసుకుని నలభై నిమిషాలు నడిపాను. వాళ్లు చూసేసరికి 108. మర్నాడు మధ్యాహ్నం దాకా ఉన్నాడు.

పైన డాక్టరమ్మ గారు ముందు నీళ్లు అని రాశారు. మైదానం పక్కనే కుళాయి ఉంది.

నల్లతోక
ఏం రాయాలో తెలియడం లేదన్నా. రాసినందుకు చాలా థ్యాంక్స్.

డాక్టరమ్మ_డ్యూటీలో
మీ తప్పు కాదండీ. మాకు వచ్చే కేసుల్లో ఎక్కువ ఇలాంటివే. ఆ బ్రిటన్ కాలేజీ వాళ్లే 2020లో ఇంకో లెక్క వేశారు: వడదెబ్బ తగిలిన కుక్కల్లో నాలుగింట మూడొంతులు నడిచో, పరుగెత్తో, ఆడో పడిపోయినవే. కార్లలో వదిలేసినవి నూటికి ఐదు. కుక్క కండరాలు పని చేస్తుంటే లోపలే కుంపటి రగులుతుంది, దానికి ఎండ కూడా అక్కర్లేదు. కోలీలూ లాబ్రడార్లూ ఇక చాలు అని చెప్పే రకాలు కావు. బంతి దూరంగా వదిలేయడం, తిరిగొచ్చే వేగం తగ్గడం, అది వాళ్లు చెప్పే చాలు.

జాతి లెక్క కూడా అదే ఏడాది ఇంకో పరిశోధనలో వేశారు. లాబ్రడార్‌తో పోలిస్తే చౌచౌకి ముప్పు సుమారు 17 రెట్లు, బుల్‌డాగ్‌కి 14 రెట్లు, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌కి ఆరు రెట్ల పైన. బరువెక్కువైన కుక్కలకీ ముప్పెక్కువే. జిమ్మీ గారికి ఇది ప్రత్యేకంగా.

జిమ్మీ_ఇల్లు
క్లాసు తర్వాత పీకమన్నాను, మర్చిపోలేదన్నమాట.

కారు_తాళం
నూటికి ఐదే అని కారు విషయం తేలిగ్గా తీసుకోకండి. మందులు కొనడానికి ఐదు నిమిషాలని నేనూ వదిలాను ఒకసారి, అద్దం అంగుళం కిందికి దించి. ఐదు నిమిషాలు కాస్తా క్యూలో ఇరవై అయ్యాయి. వచ్చేసరికి లోపలి అద్దమంతా ఆవిరి పట్టి ఉంది. ఆ ఆవిరి నా కుక్క ఊపిరి. తలుపు తీస్తే మొహాన సెగ కొట్టింది. బతికాడు, నా అదృష్టం. తర్వాత చదివాను, అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2005లో కొలిచారట: మూసిన కారు గంటలో సగటున 40 ఫారెన్‌హీట్ డిగ్రీలు వేడెక్కుతుంది, అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దం కొంచెం దించినందువల్ల దాదాపు తేడా లేదు.

గడప_దగ్గరే
నేనైతే ఏసీ ఆన్‌లో ఉంచి వెళ్తా.

కారు_తాళం
మావాడు ముందు సీట్లోకి దూకి కాలితో ఒక బటన్ నొక్కి నన్నే బయట ఉంచి లాక్ చేసిన ఘనుడు. ఏసీ బటన్ కూడా అక్కడే ఉంటుంది మరి.

వీధి_కుక్కల_బంధువు
ఇంట్లో ఉన్నవాటి గురించి ఇంత మాట్లాడుకున్నారు, గేటు బయటవాటి గురించి రెండు ముక్కలు. నీళ్ల గిన్నె పెట్టే వాళ్లంతా దయచేసి నీడలో పెట్టండి. మా ఎదురింటివాళ్లు పుణ్యమని స్టీలు గిన్నె గోడ పక్కన పెట్టారు. మధ్యాహ్నం రెండింటికి వేలు పెడితే చుర్రుమంది. ఆ నీళ్లలో కుక్క మూతి పెట్టి వెనక్కి లాక్కుంది. మట్టిదో, సిమెంటుదో వెడల్పాటి తొట్టి పెట్టండి, బరువుకి బోర్లా పడదు కూడా. రోజూ రుద్ది కడగండి, లేకపోతే దోమల్ని పెంచినట్టే.

ఇంకో సంగతి, కారు స్టార్ట్ చేసే ముందు కిందికి వంగి చూడండి. ఎండకి కార్ల కింద గుంట తవ్వుకుని పడుకుంటాయి. నేను బానెట్ మీద రెండు దెబ్బలు వేశాకే తాళం తిప్పుతాను.

తెల్లారుజాము_బ్యాచ్
తోటకి నీళ్లు పట్టే పైపు కూడా అంతే. ఎండలో పడున్న పైపు తిప్పగానే మొదట వచ్చేవి మరిగే నీళ్లు. ముందు మన చేతి మీద పోసుకుని చల్లబడ్డాకే కుక్క మీద.

పైపు_దొంగ
మావాడికి పైపు నీళ్లు కొరకడమంటే పిచ్చి. గంటసేపు ఆడతాడు, చల్లగా ఉంటాడు కదా అని వదిలేస్తాం.

డాక్టరమ్మ_డ్యూటీలో
గంట వద్దు, పది నిమిషాలకి ఆపండి. ధార కొరికే కుక్క లీటర్ల కొద్దీ మింగేస్తుంది, ఒంట్లో సోడియం పలచబడి తూలడం, వాంతి, ఫిట్స్ రావచ్చు. అరుదే గాని ప్రాణం మీదికొచ్చేది. తాగాల్సిన లెక్క రోజుకి కిలోకి 50, 60 మిల్లీలీటర్లు. జిమ్మీకి రెండు లీటర్లు, ఈ ఎండలకి ఇంకాస్త ఎక్కువ.

పగ్గు_పంచాయతీ
ఐసు ముక్కలు పెడితే పొట్ట మెలిపడుతుందని వాట్సాప్‌లో తిరుగుతోంది, నిజమా?

డాక్టరమ్మ_డ్యూటీలో
ఐసు వల్ల మెలిపడదు. పరుగెత్తి వచ్చి గబగబా గిన్నెడు నీళ్లు మింగడం మాత్రం మంచిది కాదు, కొంచెం కొంచెంగా ఇవ్వండి. ఐసు గడ్డలు గట్టిగా కొరికితే పళ్లు విరుగుతాయి, చిన్నగా నలిపి వేయండి.

గడప_దగ్గరే
కూలింగ్ మ్యాట్ కొనొచ్చా?

బుజ్జి_వాళ్లక్క
జెల్ ఉండేది కొన్నాం. బుజ్జి దాని మీద పడుకోలేదు, దాన్ని తినేసింది.

హస్కీ_బాధితుడు
తడిపి వేసే జాకెట్ పర్లేదు. కానీ ఆరిపోయాక అది ఇంకో చొక్కా. గంటకోసారి తడపగలిగితేనే వేయండి. రెండు పొరల జుట్టుని రోజంతా తడిగా ఉంచినా ముప్పే, కింద చెమ్మ నిలిచి రసి కారే పుండ్లు వస్తాయి. మేం పొట్టా పాదాలే తడుపుతాం.

ముసలి_లాబ్
మాది పన్నెండేళ్ల లాబ్రడార్. ఈ మధ్య మొరుగు బొంగురుపోయింది, ఊరికే పడుకున్నా ఊపిరి గరగరమంటోంది. వయసు కదా అనుకుంటున్నాం.

డాక్టరమ్మ_డ్యూటీలో
వయసని వదిలేయకండి. పెద్ద లాబ్రడార్లకి గొంతులోని స్వరపేటిక పక్షవాతం వస్తుంటుంది, గాలిదారి పూర్తిగా తెరుచుకోదు. ఎండలో ఒక్క గట్టి రొప్పుకే ఊపిరాడని పరిస్థితి రావచ్చు. ఈ వారంలోనే చూపించండి. మెడకి పట్టీ తీసేసి ఛాతీ బెల్టు వేయండి. అందరికీ ఇంకో మాట: మూతి బిగించే గుడ్డ మజిల్ వేసి ఎండలో నడిపించొద్దు, రొప్పాలంటే నోరు తెరుచుకోవాలి. తప్పదంటే బుట్టలాంటిది వేయండి.

షిట్జూ_రాణి
వాకింగ్ తగ్గిస్తే ఇంట్లో సోఫా కొరుకుతోంది, దానికేం చేయాలి?

నల్లతోక
ముక్కుకి పని చెప్పండి. పాత దుప్పటి మడతల్లో దాని తిండి గింజలు దాచి వెతకమనండి. వాసన చూసి చూసి అలిసిపోతుంది, పరుగెత్తినట్టు ఒళ్లు వేడెక్కదు.

జిమ్మీ_ఇల్లు
పది రోజుల తర్వాత వచ్చాను, క్షమించాలి. ఆ సాయంత్రమే చూపించాం. రక్త పరీక్షలు బాగానే వచ్చాయి. బరువు మీద నాకు అక్కడా క్లాసు పడింది, ఆరు కిలోలు తగ్గించమన్నారు. డిజిటల్ థర్మామీటర్ కొన్నాను. అది ఎక్కడ పెట్టాలో తెలిశాక జిమ్మీ నన్ను చూసే చూపు మారిపోయింది. నిన్న 101.8. దాని మీద మార్కరుతో "జిమ్మీది" అని పెద్ద అక్షరాలతో రాశాను, ఇంట్లో ఎవరూ పొరపాటు పడకూడదు కదా.

వాకింగ్ ఇప్పుడు ఐదింటికి. కోడి కూడా లేవదు, నేను లేస్తున్నాను.

తెల్లారుజాము_బ్యాచ్
బ్యాచ్‌లోకి స్వాగతం.

జిమ్మీ_ఇల్లు
ఒక్కటే గొడవ. ఆ కరెంటు స్తంభం దగ్గరికి రాగానే ఆగి కూలబడుతున్నాడు. చీకటి, చల్లగాలి, నీడ అన్న మాటే లేదు. సరిగ్గా అదే చోట పొట్ట ఆనించి కూర్చుని నా జేబు వంక చూస్తాడు. ఆ రోజు లేపడానికి బిస్కెట్ తీశాను కదా.

తెల్లారుజాము_బ్యాచ్
ఆరు కిలోలు తగ్గాలంటే ముందు ఆ స్తంభం తీయించాలి.